జడ గురించిన వాక్యం

యూసుఫ్‌గూడ సందుల్లో సలోమి ఇల్లెక్కడ అని అడిగితే తికమకపడతారు. జడల సలోమక్క అంటే మాత్రం టీకొట్టతను కూడా చెయ్యి చాపి చూపిస్తాడు. ఒకప్పుడు సినిమాల్లో, ఇప్పుడు ఎక్కువగా సీరియళ్లలో ఆవిడ హెయిర్ డ్రెస్సర్. పెళ్లికూతురికి పూలజడ వెయ్యాలన్నా, జానెడు జుట్టున్న అమ్మాయికి సవరం పెట్టి నడుం దాటే జడ తెప్పించాలన్నా, ఫిల్మ్ నగర్‌లో చాలామంది ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు. పని తల్లి దగ్గర నేర్చుకుంది. తల్లి మద్రాసులో చేసేది, పరిశ్రమ వెంటే హైదరాబాదు వచ్చేసింది.

సలోమి జుట్టు మాత్రం ఎప్పుడూ చిన్న ముడే. చెవులకు దుద్దులుండవు, మెడలో గొలుసుండదు. ఆవిడ వెళ్లే ప్రార్థన మందిరంలో ఆడవాళ్లందరూ అంతే. ఒక కుట్టు దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుందది. లైట్‌మెన్, కాస్ట్యూమ్ వాళ్లు, గ్రూప్ డాన్సర్లు, ఆదివారం షూటింగు లేనివాళ్లంతా పిల్లల్ని తీసుకుని వస్తారు. అక్కడి పాస్టరు జెకర్యా గారు. సంగారెడ్డి వైపు మనిషి, పూర్వం బస్సు కండక్టరు. తన తాగుడు మాన్పించింది, ఇల్లు నిలబెట్టింది దేవుని వాక్యమేనని ఆయన నమ్మకం. అందుకే అందులో ఒక్క పొల్లు కూడా జరగనిచ్చేవారు కాదు. "నచ్చింది ఏరుకోనికి ఇదేమన్న కూరగాయల బండా" అనేవారు. బోధ కఠినమే కానీ మనిషి కఠినం కాదు. సలోమి భర్త జగదీశ్ హిందువు, జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో డ్రైవరు. అతనికి కామెర్లు ముదిరినప్పుడు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని చెరుకురసం తాగించింది జెకర్యా గారే.

మందిరంలో పిల్లల ఆదివారం బడి సలోమిది. ప్రవక్తను మింగిన పెద్ద చేప కథ చెప్పాల్సొస్తే దుప్పటి కప్పుకుని తనే చేప అయిపోయేది. పిల్లలు కేకలు పెడుతూ ఆ దుప్పట్లోకి దూరిపోయేవారు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం జెకర్యా గారు అపొస్తలుడు రాసిన ఒక జాబు మీద ప్రసంగించారు. ఆడవాళ్ల అందం జడలు అల్లుకోవడంలోనో బంగారం పెట్టుకోవడంలోనో లేదని, లోపలి మనసులో ఉందని అందులో ఒక మాట. సలోమి చిన్నప్పట్నుంచి విన్నదే. తను జడ అల్లుకోదు కాబట్టి ఆ మాట వేరే ఎవరికో అన్నట్టు వింటూ వచ్చింది. ఆరోజు మాత్రం కొత్తగా చేరిన ఒకామె వెనక వరసలోంచి లేచి, "మరి వేరేవాళ్లకు అల్లితే పాపం కాదా అయ్యగారూ?" అని అడిగింది. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. అందరూ సలోమి వైపు చూశారు.

జెకర్యా గారు ముగింపు ప్రార్థన చేసి అందర్నీ పంపేశారు. రెండు మూడు రోజుల తర్వాత సాయంత్రం పూట ఇంటికి వచ్చారు. మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"చెల్లె, నీ పని గురించి ప్రార్థన చేసిన. నాకు తోవ దొరకలే. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే ఉన్నది. గది ఆ కాలపోళ్లకు రాసిండు, మనకు కాదు అని ఒక ముక్క పక్కకు పెడితే, రేపు ఇంకో ముక్క పెట్టాలె. ఆఖరికి చేతుల ఏం మిగుల్తది?"

"పని మానెయ్యమంటారా అయ్యగారూ?"

"నేను గట్ల అనలే. అనను. కానీ నువ్వు తేల్చుకునేదాంక పిల్లల బడి ఇంకొకరు చూస్తే మంచిగుంటది."

సలోమి తలూపింది. పని మానెయ్యమన్నా అంత బాధ కలిగేది కాదేమో. ఆయన వెళ్లాక వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండానే చాలాసేపు నిలబడింది.

ఆయన చెప్పింది తప్పని ఆవిడకు అనిపించలేదు. చిక్కంతా అక్కడే ఉంది. తల్లి పోయినప్పుడు తనను లేవదీసింది ఆ గ్రంథంలోని మాటలే. ఓదార్చిన మాట నిజమని గుండెకు హత్తుకుని, జడ మాట మాత్రం తనది కాదని ఎలా వదిలేస్తుంది? ఒంట్లో బాగాలేదని సీరియల్ వాళ్లకు చెప్పి ఇంట్లో కూర్చుంది. టీవీ ముందు కూర్చుంటే వేళ్లు వాటంతటవే తువ్వాలు అంచు పోగులు తీసి మూడు పాయలుగా అల్లేవి. అది గమనించుకుని విప్పేసేది. కాసేపటికి మళ్లీ అల్లేది.

జగదీశ్ ఇదంతా చూశాడు. "మీ దేవుని సంగతి నాకు ఎర్క లేదు సలోమీ" అన్నాడు ఒకరోజు, బూట్లు వేసుకుంటూ. "నువ్వు గిట్ల కూసుంటే మాత్రం ఇల్లు ఇల్లు లెక్క లేదు."

అలా ఉండగా జెకర్యా గారి భార్య కౌసల్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆయన పేరు మార్చుకున్నారు కానీ ఆవిడ మార్చుకోలేదు. దేవునికి నా పేరు ఎర్కే అందట. ఆ మధ్యే ఆవిడ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. ఇక మందు ఎక్కించాలన్నారు.

"చెల్లె, జర ఇంటికి రా. నీ దువ్వెనలు, కత్తెర గిట్ల తెచ్చుకో" అంది కౌసల్య.

వాళ్ల ఇల్లు మధురానగర్‌లో. సలోమి వెళ్లేసరికి జెకర్యా గారు లేరు, మందులు తేవడానికి వెళ్లారు. కౌసల్య చాప మీద కూర్చుని ముసుగు తీసి, ముడి విప్పింది. జుట్టు జారి చాప మీద పడింది. ఇన్నేళ్ల పరిచయంలో సలోమి ఆ జుట్టు విప్పగా చూడలేదు. నడినెత్తిన నెరిసింది, చివర్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. నిలబడితే మోకాళ్ల దాకా వస్తుందేమో.

"మందు ఎక్కిస్తే కుచ్చులు కుచ్చులు ఊడి చేతికొస్తదంట. గట్ల పోవుడు నాకిష్టం లేదు. నువ్వే కొయ్యి" అంది కౌసల్య. కొంచెం ఆగి, "కోసేముందు ఒక్కసారి జడ వెయ్యి. ఆయన దేవుని తోవకు వచ్చినకాంచి ముడే" అంది.

సలోమి దువ్వెన చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. "అయ్యగారు ఏమంటారో అమ్మగారూ."

"ఆయనకు నేను చెప్త. నువ్వు దువ్వు."

కొబ్బరినూనె చేతికి రాసుకుని సలోమి చిక్కు తియ్యడం మొదలుపెట్టింది. కుదుళ్లు లాగకుండా, ఒక్కొక్క పాయ పిడికిట్లో పట్టుకుని కిందనుంచి పైకి. ఎంతోమంది నాయికల తలలు పట్టిన మనిషి, ఆరోజు తీసిన చిక్కే మళ్లీ తీసింది. కౌసల్యకు అది తెలిసినట్టుంది.

"గా జాబు చివర్ల ఇంకో మాట ఉన్నది, ఎర్కేనా?" అంది. "ముద్దు పెట్టుకొని ఒకరినొకరు పలకరించుకోమని. ఒకనాడు అడిగిన ఆయన్ని, మరి మనం వందనాలని చేతులు జోడిస్తున్నం కదా అని. అది ఆ దేశపోళ్ల రివాజు అన్నడు. మరి జడ ఏ దేశపుది అన్న. గంతే, అన్నం తినుకుంట మళ్ల మాట్లాడలే."

సలోమి నవ్వేసింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, దువ్వెన కింద పడింది.

జడ సగం అయ్యేసరికి జెకర్యా గారు వచ్చారు. చేతిలో మందుల సంచి అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. సలోమి చేతులు ఆగాయి. కౌసల్య మాత్రం తల తిప్పలేదు.

"వచ్చినవా? కూసో" అంది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. సలోమికి ఏం చెయ్యాలో తోచక మళ్లీ అల్లసాగింది. జడ చివరికొచ్చింది. కట్టడానికి దారం తన దువ్వెనల సంచిలో ఉండిపోయింది, పట్టు వదిలితే పాయలు విడిపోతాయి. సలోమి అటూ ఇటూ చూస్తుండగా జెకర్యా గారు లేచి వచ్చి చాప మీద మోకాళ్ల మీద కూర్చున్నారు.

"నేను పట్టుకుంట. నువ్వు దారం తీసుకో" అన్నారు.

రెండు వేళ్లతో జడ చివర పట్టుకుని, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నంత జాగ్రత్తగా ఉన్నారు ఆయన. "మీ అమ్మ గిట్లనే వేసేది నీకు" అన్నారు భార్యతో, నెమ్మదిగా.

కౌసల్య జడను ముందుకు వేసుకుని ఒళ్లో పెట్టుకుంది. కాసేపు దాన్ని నిమిరింది. తర్వాత, "ఇగ కొయ్యి చెల్లె" అంది. జెకర్యా గారు బాల్కనీలోకి వెళ్లిపోయారు.

పనయ్యాక సలోమి చెప్పులు వేసుకుంటుంటే ఆయన వెనకాలే మెట్ల దాకా వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లె, వాక్యం అబద్ధమాడదు. గది నేను చచ్చేదాంక అంట. కానీ గా మాట ఎవరిని చూసి రాసిండో, వాళ్లు ఎవరి ముంగట గొప్పలు పోయిండ్రో నేను చూడలే. కౌసల్యను చూసి మాత్రం రాయలే."

"అయితే అది మనకి కాదంటారా?"

ఆయన మెట్ల రెయిలింగు మీద చెయ్యి ఆనించి ఆలోచించారు. "గట్ల అనాలంటే భయమైతుంది. ఒక్క ముక్క జరిపితే అన్నీ కదుల్తయని చెప్పింది నేనే కదా. కదుల్తయో లేదో ఇప్పుడు నాకు ఎర్క లేదు. ఆదివారం మాత్రం పిల్లల దగ్గరికి రా."

ఆ ఆదివారం ప్రసంగం ముగించాక ఆయన సలోమిని బడికి తిరిగి రమ్మన్న సంగతి అందరికీ చెప్పారు. ఎందుకని అడిగితే, తనకు తెలియనిచోట తీర్పు చెప్పానని ఒప్పుకున్నారు. ప్రశ్న వేసిన ఆవిడ, ఆమెతోపాటు ఇంకో కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోయారు. జెకర్యా గారు వాళ్లింటికి వెళ్లి బతిమాలారు. వాళ్లు రాలేదు. ఆ దిగులు ఆయనకు ఇప్పటికీ ఉంది.

సలోమి మళ్లీ పనిలో చేరింది. అన్నీ తేలిపోయాయని ఆవిడ అనదు. పెళ్లి సీనుకు పూలు కుచ్చుతూ ఉంటే ఒక్కోసారి ఆ వాక్యం గుర్తొస్తుంది, చెయ్యి ఆగుతుంది. ఎదుట కూర్చున్న పిల్ల "ఏమైందక్కా?" అంటే, ఏం లేదమ్మా అని మళ్లీ మొదలుపెడుతుంది. కోసిన జుట్టును కృష్ణానగర్‌లో తనకు తెలిసిన విగ్గులతనికిచ్చి దగ్గరుండి కట్టించింది. కౌసల్య ఆసుపత్రికి అది పెట్టుకునే వెళ్లేది. దురద అని ఇంట్లో తీసేసేది.

చలికాలం చివర్లో వైద్యం ముగిసింది. ఎండాకాలం ముగిసేసరికి కౌసల్యకు వేలెడు జుట్టు వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి, పూర్తిగా తెల్లగా. షూటింగు లేని శనివారాలు సలోమి మధురానగర్ వెళ్లి ఆ తలకు నూనె రాస్తుంది. జెకర్యా గారు టీ పెడతారు.

మొన్న శనివారం ఆయన గ్లాసులు అందిస్తూ, "రేపటి ప్రసంగానికి ఇంకో జాబుల ఒక చోటికి వచ్చిన. ఆడవాళ్లు సంఘంల మౌనంగ ఉండాలన్న కాడికి. ఈసారి ముందే అడుగుతున్న. మీ ఇద్దరు ఏమంటరు?" అన్నారు.

"మౌనంగ ఉండమన్నడు కదా, ఏమంటం?" అంది కౌసల్య.

నవ్వు ఆపుకోలేక సలోమి గ్లాసు కింద పెట్టేసింది. ఆయన మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, "నిజంగనే అడుగుతున్న" అన్నారు.

అప్పుడు వాళ్లిద్దరూ చెప్పడం మొదలుపెట్టారు.