లండన్‌లో కాళ్లు కడుక్కున్న ఇన్‌స్పెక్టర్

2022లో, విజయవాడ వన్ టౌన్‌లోని నా పాత పుస్తకాల కొట్టుకు గన్నవరం నుంచి దానియేలు మాస్టారు వచ్చారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. ఒకప్పుడు బెజవాడలో అచ్చయిన డిటెక్టివ్ పాకెట్ బుక్స్‌లో చాలావరకు తనవేనని మెల్లగా చెప్పారు. ఆ ‘చాలావరకు’ వినగానే నాకు ఒళ్లు మండింది. నేను జీవితం మొత్తం మీద రాసింది ఒక్కటే నవల. సొంత డబ్బుతో వేసుకున్నాను. కట్టలు ఇంకా అటక మీదే ఉన్నాయి.

ఆ నవలల్ని ఈ-బుక్స్‌గా వేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఏవి మాస్టారివో నాలాంటివాడు తేల్చి చెబితే, వాటి మీద ఆయన అసలు పేరు వేస్తుంది. హత్యలూ ముద్దులూ రాస్తున్నారని చర్చిలో తెలిస్తే ఉద్యోగం పోతుందని అన్నేళ్లూ పేరు దాచుకున్నారాయన. ఇప్పుడు చూపు మసకబారుతోంది.

“ఒక్కసారి అట్ట మీద నా పేరు చూసుకోవాలండీ. ఆ తర్వాత చూపు పోయినా పర్లేదు,” అన్నారు.

పని అంత తేలిక కాదు. ఆ రోజుల్లో ‘హౌస్ నేమ్’ అని ఉండేది. అంటే రచయిత పేరు పబ్లిషర్ సొత్తు. కెప్టెన్ భార్గవ్ పేరుతో ఈ నెల ఒకరు రాస్తే వచ్చే నెల ఇంకొకరు రాసేవారు. నవల పేరు కూడా పబ్లిషరే మార్చేసేవాడు. మాస్టారికేమో తన కథలే గుర్తులేవు. ఇక లోపల చదివి తేల్చుకోవాల్సిందే.

తప్పులు పట్టాలనే చదివాను. దొరికాయి కూడా. లండన్‌లో మంచు కురుస్తుంటే, శవాన్ని చూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, చెంబుతో కాళ్లు కడుక్కుని మరీ లోపలికి వెళ్లాడు. వేరే పేరుతో అచ్చయిన ఇంకో నవలలో న్యూయార్క్ దొంగా అంతే. పడీ పడీ నవ్వి, మాస్టారికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

“మరి వీధి దుమ్ముతో ఇంట్లోకెలా వస్తాడండీ?” అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

ఇతరులు రాసినవని నాకు రూఢిగా తెలిసిన నవలలు తిరగేశాను. ఒక్కడూ కాళ్లు కడగలేదు. గుర్తు చిక్కింది.

పుస్తకాలు ఎక్కువయ్యేసరికి మా ఆవిడ సరళ కూడా సాయానికి కూర్చుంది. అదే పబ్లిషర్ వేసిన కుమారి హేమలేఖ ప్రేమ నవలలంటే తను ప్రాణం పెడుతుంది. ఆడవాళ్ల మనసు ఆడవాళ్లే రాయాలని, నా నవల మొదటి ఫారం దాటకుండానే పక్కన పెట్టేసిన మనిషి. ఫారం అంటే పదహారు పేజీలు. ఆ హేమలేఖ కథానాయిక సింగపూర్‌లో విమానం దిగి, మేడ మెట్ల కింద కాళ్లు కడుక్కుంది. హేమలేఖ కూడా మాస్టారే!

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఇన్నేళ్లూ తలగడ కింద పెట్టుకుని పడుకున్నది ఈయన పుస్తకాలా? కడుపుమంట, ఇంకేం లేదు. డిటెక్టివ్‌లు ఇచ్చేద్దాం, హేమలేఖని మాత్రం తేలలేదని చెబుదాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

మర్నాడు సరళ, అట్టా మొదటి ఫారమూ ఊడిపోయిన పుస్తకం ఒకటి తెచ్చింది. తూకానికి కొన్న పాత పుస్తకాల్లో ఎప్పుడో వచ్చి పడింది.

“ఇదీ మాస్టారిదేనండీ. పారిస్ హోటల్లో, మూడో అంతస్తులో హీరో కాళ్లు కడుక్కోవడానికి చెంబు అడిగాడు. పట్టుకుంటే చివరిదాకా వదల్లేకపోయాను.”

తెరిచి చూశాను. అది నా నవల.

కెప్టెన్ భార్గవ్‌ని క్లాసు పుస్తకంలో దాచుకుని చదివిన తరం నాది. ఆ చెంబు అక్కణ్ణుంచే వచ్చింది, నాకు తెలియకుండా.

“ఇది మాస్టారిది కాదు. నాది,” అన్నాను.

సరళ నా వంకా పుస్తకం వంకా చూసింది. “అయితే మొదటి పదహారు పేజీలే బాగోలేవన్నమాట,” అంది.

హేమలేఖతో సహా అన్నీ కంపెనీకి రాసి పంపాను. అట్టలు వచ్చాక గన్నవరం వెళ్లాను. మాస్టారు ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దానియేలు, దానియేలు అని ఒక్కో అట్ట మీదా తన పేరు చదువుకున్నారు. నాకు మళ్లీ మండింది.

పేరు ఎంత దాచినా రచయిత తను గమనించకుండా రాసిన చోట దొరికిపోతాడని ఆ కేసు నేర్పింది. నేనూ అక్కడే దొరికాను. ఆ రోజు మాస్టారి వాకిట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కునే లోపలికి వెళ్లాను.