నలభై ఒకటో మనిషి

మా నాయనది మార్కాపురంలో కిరాణా దుకాణం. అందులో పుట్టి పెరిగినోణ్ణి గనక బేరమాడకపోతే నాకు అన్నం అరగదు. గిద్దలూరులో కంటి శిబిరానికి కంప్యూటర్ పని ఒప్పుకున్నప్పుడు కూడా అంతే. ఆస్పత్రి తరఫున వచ్చిన ఇన్‌ఛార్జి "ముప్పై మందికే ఆపరేషన్లు" అన్నాడు. "యాభై అనుకున్నామన్నా" అన్నాను, ఎవరూ ఏమీ అనుకోకపోయినా. నలభై దగ్గర తెగింది. నలభై మంచాలు, బస్సులో నలభై సీట్లు. జనానికి నేనే చూపు తెప్పించినట్టు వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగినాను.

నా పని చిన్నదే. పరీక్షల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి, నంబరు వరసలో మొదటి నలభై మంది జాబితా తీసివ్వాలి. పెద్ద రిపోర్టులో మనిషి పేరు, ఊరు ఉంటాయి. ఆ పేరు కింద, దాని కడుపులోనే ఇంకో చిన్న రిపోర్టు. బీపీ ఎంత, షుగరు ఎంత, ఏ కన్ను, అందులో పెట్టాల్సిన లెన్సు కొలతెంత, అన్నీ అందులో వస్తాయి. దాన్నే సబ్‌రిపోర్టు అంటారు. ఆస్పత్రిలో ఆ కాగితం చూసే లెన్సు తీసిపెడతారు.

మొదటిసారి తీస్తే ప్రతి మనిషీ మూడుసార్లు దిగినాడు. మూడు పరీక్షలు గదా, పరీక్షకొకసారి పేరు. నలభై వరసల్లో ఉన్నది పద్నాలుగు మందే. పరీక్షల టేబుల్‌ను, అంటే ఆ పట్టికను, సబ్‌రిపోర్టులో పెట్టినాక పెద్ద రిపోర్టులోంచి తీసెయ్యాలి. నేను రెండు చోట్లా ఉంచినాను. తీసేస్తే రిపోర్టంతా మళ్ళీ కట్టుకోవాలి. ఇన్‌ఛార్జేమో నా నెత్తిన నిలబడి "అయిందా తమ్ముడూ?" అంటున్నాడు. దొడ్డిదారి పట్టినాను. పేరూ ఊరూ ఒకటే అయితే ఒక్కసారే చూపించమని పెట్టి, సబ్‌రిపోర్టును కూడా ఆ పేరుకూ ఊరికే ముడేసినాను. జాబితా కడిగినట్టు వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయినాను.

మర్నాడు పొద్దున శిబిరం పెట్టిన బడి ఆవరణలో ఆస్పత్రి బస్సు నిలబడింది. ఊళ్ళవారీగా పేర్లు చదివేది నేనే. పిలిచినవాళ్ళు పిలిచినట్టు ఎక్కి కూర్చున్నారు. చివరికి కొమరోలు దగ్గరి పల్లె పేరొకటి మిగిలింది. పిలిస్తే ఇద్దరు ఆడవాళ్ళు లేచినారు. ఒకామెకు కుడి కంటి పైన ప్లాస్టరు ముక్క, ఇంకొకామెకు ఎడమ కంటి పైన. ఏ కంటికి చెయ్యాలో గుర్తుకు అంటించినవి అవి.

"ఒక్కరే రాండమ్మా."

"ఎవురు నాయనా ఆ ఒక్కరు? ఇద్దరిదీ అదే పేరు" అంది కుడి కన్నామె.

"ఇంటిపేరు?"

"అదీ ఒకటే. అన్నదమ్ముల బిడ్డలం, ఒకే ఇంటికి కోడళ్ళుగా పోయినాం. ఇద్దరికీ మా జేజి పేరే పెట్టినారు."

"మూడోది ఇంటికాడ ఉంది. అది గూడా వచ్చింటే ముగ్గురం లేచేవాళ్ళం" అంది ఎడమ కన్నామె.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. నేను కాగితం తిప్పి చూసినాను. ఒక్క పేరు కింద ఆరు పరీక్షలు. కుడి కన్ను, ఎడమ కన్ను, రెండు లెన్సు కొలతలు. ఆ కాగితం అట్లే బస్సెక్కి ఉంటే ఒకామె కంట్లో ఇంకొకామె లెన్సు పడేది. జేజి పేరు, తాత పేరు మనవలకు వరసగా పెట్టుకుంటూ పోతారని నాకు తెలియనిదా? నా పేరు మా తాతది. మా పెదనాయన కొడుకుదీ అదే పేరు.

"అన్నా, బస్సు ఆపు. పది నిమిషాలు."

"ఐదు."

"ఎనిమిది" అన్నాను. అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు.

బడి మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, ముందురోజు చెయ్యాల్సిన పని అప్పుడు చేసినాను. పెద్ద రిపోర్టులో మనుషుల టేబుల్ ఒక్కటే ఉంచినాను. సబ్‌రిపోర్టును పేరుకు కాకుండా రిజిస్ట్రేషన్ నంబరుకు కట్టినాను. ప్రింటు తీస్తే అక్కచెల్లెళ్ళిద్దరూ విడివిడిగా, ఎవరి కన్ను వాళ్ళకు, ఎవరి కొలత వాళ్ళకు వచ్చింది. మిగతా అందరివీ ఒక్కొక్కటే సరిచూసినాను. తేడా లేదు.

కానీ ఒకరు పెరిగితే కింద ఒకరు జారిపోవాల. నంబరు వరసలో ఆఖరున ఉండి జారినాయన తర్లుపాడు వైపు రాతి పలకలు కోసే పని చేసే పెద్దాయన. రెండు కళ్ళకూ పొరలు కట్టినాయి. అప్పటికే బస్సులో వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, నలభై ఒకటి చెయ్యి" అన్నాను ఇన్‌ఛార్జితో.

"కుదరదు."

"మంచం వద్దు. చాప చాలు."

"చాపదేముంది తమ్ముడూ, డాక్టరుకు చేతులు రెండే గదా."

"ఎవరికన్నా షుగరు ఎక్కువై ఆపరేషను ఆగిపోతే ఆ చోటన్నా ఇయ్యి."

"ఆగాలని మొక్కుకుంటున్నావా?"

కాళ్ళు పట్టుకుందామని వంగినాను. వెనక్కి జరిగినాడు. "జాబితా నీది. నువ్వే చెప్పు ఆయనకు."

బస్సెక్కినాను. నడవ ఆ రోజు నాకు గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా ఉన్నంత పొడుగైంది.

"మామా, దిగాల."

"ఏందబ్బాయ్, బస్సు కదల్లేదే, అప్పుడే వచ్చినామా?"

"నంబరు తప్పు పడింది. నీది నలభై ఒకటి."

"నా పేరు పిలిచినావు గదా?"

"పిలిచినాను. తప్పు నాదే."

"నా పేరుతో గూడా ఇంకొకడు ఉన్నాడా ఏంది?"

"లేడు మామా."

ఆయన కమ్మీ కోసం చేత్తో తడిమినాడు. పట్టుకుని దింపినాను. అక్కచెల్లెళ్ళిద్దరూ ఎక్కినారు. బస్సు పోయింది. ఆవరణలో మేమిద్దరం మిగిలినాం.

"మళ్ళెప్పుడు పెడతారు?" అన్నాడు.

"తెలీదు."

"పలక కోసేటప్పుడు గీత కనపడ్డం లేదబ్బాయ్." వేలు చూపించినాడు. గోరు సగం లేదు.

నోటికొచ్చింది అన్నాను. "రేపు పొద్దున మీ ఊరికొస్తా. ఇద్దరం ఆస్పత్రికి పోదాం. గేటు ముందర కూర్చుందాం."

"గెంటేస్తే?"

"పక్కకు జరిగి కూర్చుందాం."

సంచి భుజానికి వేసుకున్నాడు. "అన్నం కట్టుకోని రావాల్నా?"

"కట్టుకో మామా. రెండు రోజులకు."