తార్నాక మేడ మీది సముద్రం

పోయిన శనివారం ఉదయం ఏడున్నరకు నేనూ మా అక్క కరుణా జనగామలో సికింద్రాబాద్ వెళ్ళే బండి ఎక్కాం. చూడబోయింది ఒక వీడియో గేముల పార్కును. అది ఇప్పుడు లేదు. అసలు ఎప్పుడైనా ఉండేదో లేదో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

అక్క జనగామలో సోషల్ టీచరు. వానాకాలంలో వచ్చిన జ్వరం మెదడుకెక్కి చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. మనిషి కోలుకుంది గానీ జ్ఞాపకాల్లో అక్కడక్కడ ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల మధ్య నుంచి ఇంట్లో ఎవరికీ తెలియని సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఎంఏ చదువుతూ అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉన్నప్పుడు, సాయంత్రాలు తార్నాకలో ఒక గేముల పార్కులో పనిచేసిందట. మేడ మీద పెద్ద హాలు, అందులో గదికో లోకం. తన గదిలో సముద్రం. గోడ నిండా తెర, ముందు ఊగే పడవ. జనాన్ని అందులో కూర్చోబెట్టి బెల్టులు పెట్టడం తన పని.

అమ్మ మాత్రం "అది ట్యూషన్లు చెప్పింది. సముద్రం ఏడికెల్లి వచ్చింది?" అంటుంది. మెదడు ఒక్కోసారి ఖాళీలను తానే నింపుకుంటుందని, ఇది అలాంటిదో కాదో చెప్పలేనని డాక్టరుగారు అన్నారు.

సోమవారం అక్క తిరిగి బడిలో చేరాలి. "ఆ పార్కు ఉండెనని తేలితే బడికి పోత. లేకుంటే రాజీనామా ఇస్త. లేనిదాన్ని ఉన్నదని పిల్లలకు పాఠం చెప్తే ఎట్లరా?" అంది.

బండిలో ఎదురు సీటు పెద్దాయనది బౌద్ధనగర్. సంగతి విని, "తార్నాకల గేముల పార్కా? నేను ఆ పక్కనే పుట్టి పెరిగిన. అసొంటిది లేదమ్మా" అన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తొమ్మిది దాటాక సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎక్కాం. మెట్టుగూడ తర్వాత తార్నాకే. స్టేషన్ కింద తోపుడు బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ బాగుంది, అక్క సగం వదిలేసింది.

చౌరస్తా నుంచి ఆమె లాలాపేట వైపు నడిచింది. కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి తిరిగి హబ్సిగూడ వైపు తీసుకెళ్ళింది. "ఈ మెట్రో పిల్లర్లు లేకుండె. అంతా ఉల్టా కనిపిస్తుంది" అంది. ఎండ ముదిరింది. నా నమ్మకం కూడా సడలుతోంది. చివరికి ఒక మేడ ముందు నిలబడి "ఇదే" అంది. కింద బట్టల దుకాణం, పైన కోచింగ్ సెంటర్.

బట్టల దుకాణం యజమాని తల గోక్కున్నాడు. "గేములు ఉండె. సముద్రం మాత్రం లేదు, మంచు ఉండె. మా పిల్లలు స్వెటర్లు ఏసుకొని పైకి పోతుండిరి. అంతకుముందు ఫంక్షన్ హాల్."

పక్కన చాయ్ దుకాణం పెద్దాయన ఒప్పుకోలేదు. "ముందు గేములు, తర్వాతే ఫంక్షన్ హాల్. మంచు గించు ఏం లేకుండె, అన్నీ కార్లే. అది గూడ ఒక్క సాలే నడిచింది."

"ఐదేండ్లు నడిచింది" అని లోపలి నుంచి ఆయన భార్య అంది.

పైకి వెళ్ళాం. హాలు నిండా పరీక్షలకు చదువుకునే పిల్లలు. అక్క గుమ్మంలోనే నిలబడి ఒక మూల వైపు చాలాసేపు చూసింది. మెట్లు దిగుతూ, "ఒక్కలు గూడ సముద్రం అంటలేరు" అంది.

మిగిలింది విజయక్క ఒక్కతే. అడిక్‌మెట్ గదిలో అక్కతో కలిసి ఉన్న మనిషి, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. ఆటోలో క్యాంపస్‌కు చేరేసరికి పన్నెండున్నర. విజయక్క ఆర్ట్స్ కాలేజీ ఎదుట చెట్టు నీడలో టిఫిన్ డబ్బా తెచ్చుకుని కూర్చుంది. అక్క పలకరింపులు కూడా లేకుండా పార్కు సంగతి అడిగేసింది.

"ఎందుకు లేదే? నువ్వు సముద్రం కాడ, నేను గుర్రాల కాడ" అంది విజయక్క. "ఇంట్ల తెలిస్తే వద్దంటరని ట్యూషన్లని చెప్పినవ్ గద."

అక్క అక్కడే గట్టు మీద కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. విజయక్క గాభరాపడి నా వైపు చూసింది. జరిగింది చెప్పాను. ఆమె డబ్బా పక్కన పెట్టి అక్క వీపు నిమురుతూ ఉండిపోయింది.

కాసేపటికి ఇద్దరూ మాటల్లో పడ్డారు. అక్కడ మొదలైంది నా అయోమయం. పార్కు మూడో అంతస్తులో ఉండేదని విజయక్క అంటుంది. పొద్దున మేము చూసిన మేడకు ఉన్నవే రెండు. నిప్పంటుకుని మూతపడిందంటుంది. కాదు, జనం ఇళ్ళల్లోకే గేములు వచ్చి ఇటు రావడం మానేశారని అక్క అంటుంది. అక్క నెల తిరక్కుండానే మానేసిందట. అక్క లెక్కలో ఏడాది.

"వీడు గూడ వచ్చిండు ఒకసారి" అని విజయక్క నన్ను చూపించింది. "మీ నాయిన ఎత్తుకొచ్చిండు. అలలు చూసి గుక్క పెట్టి ఏడ్చిండు."

ఇంట్లో తెలియనివ్వలేదన్నదీ ఆమే. నాకు అలాంటిదేమీ గుర్తులేదు. నాన్న ఇప్పుడు లేరు, అడగడానికి.

"వచ్చింది వీడు గాదు, మా చిన్నాయిన కొడుకు" అంది అక్క.

"వీడే."

నాలుగింటికి ఉప్పల్ వెళ్ళి జనగామ మీదుగా పోయే హనుమకొండ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే అక్కకు జీరో టికెట్ ఇచ్చారు. మీలో ఎవరైనా ఆ మేడ వెతుక్కుంటూ వెళ్తే దొరుకుతుంది. దాని చరిత్ర మాత్రం నన్ను అడగకండి. విన్నదంతా ఒక వరుసలో పెట్టాలని ఘట్‌కేసర్ దాకా ప్రయత్నించాను, కుదరలేదు.

"నేను నిజంగా ఏడ్చిన్నా అక్కా?" అన్నాను.

"ఏమోరా. ఇప్పుడు నాకూ డౌటే." కిటికీ అద్దం పక్కకు జరిపి గాలికి ముఖం పెట్టింది. "తలో తీరు చెప్పిన ఇంతమందిల జ్వరం వచ్చింది నా ఒక్కదానికే గద" అని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి.

కొంతసేపటికి, "సోమవారం పొద్దుగాల ఏడో తరగతి నాదే. చాక్‌పీసులు కొనాలె. జనగామల దిగినంక గుర్తుచెయ్" అంది.

అలాగేనన్నాను. దిగాక ఇద్దరం మరిచిపోయాం.