చప్పుడు లేని కంప్యూటర్

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద లేదు. కంప్యూటర్ డిప్లొమా చేతికొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు మరి. సోలాపూర్‌లో కొంతం చౌక్ వెనకాల ఒక తువ్వాళ్ల కార్ఖానాలో అంచు డిజైన్లు గీసే పనికి కుదిరాను (కుదిరానంటే, నచ్చితే ఉంచుకుంటాం, లేదంటే లేదన్న షరతు మీద). ఆఫీసుకు కొత్త కంప్యూటర్ కావాల్సి వస్తే, ప్రాసెసర్ ఎంచే పెత్తనం నేనే మీదేసుకున్నాను. ముప్పై అయిదు వాట్లది, ఫ్యాన్ అక్కర్లేనిది ఎంచాను. డబ్బా లోపల తిరిగే వస్తువే లేదు. "ఎన్ని హార్స్‌పవర్ రా ఇది?" అన్నాడు మాలక్ (అంటే కార్ఖానా యజమాని), మోటారు బేరమాడుతున్నట్టు. "హార్స్‌పవర్ కాదు మాలక్, వాట్లు. ముప్పై అయిదు." "అరే, మా బాత్రూమ్ బల్బే నలభైది గద!" ఆయన అజ్ఞానానికి పెదవి విరిచి, ఆఫీసన్నాక నిశ్శబ్దం ఉండాలని ఉపన్యాసం ఇచ్చాను. అరుస్తూ ఇచ్చాను. గోడకవతల ఇరవై నాలుగు మరమగ్గాలు దడదడలాడుతుంటే, ఆ గదిలో చాయ్ అడగాలన్నా గొంతు చించుకోవాలి. అలాంటి చోటికి చప్పుడు లేని కంప్యూటర్‌ను ఏరి కోరి తెచ్చిన మేధావిని నేను.

మగ్గాలు బాగుచేసే జాబర్ మామంటే నాకు మరీ చులకన (మామ అని కార్ఖానా అంతా పిలిచేది, చుట్టరికమేం లేదు). ఏ మగ్గం దగ్గరికి పోయినా ముందు దానిమీద అరచెయ్యి ఆనించేవాడు. అదిరితే నడుస్తున్నట్టు, అదరకపోతే ఆగినట్టు. ఆగిందంటే వెంటనే స్విచ్ తీసేసేవాడు. ఇదీ ఒక విద్యేనా అని నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు నాలుగింటికి తువ్వాళ్లు కొనే గిరాకీ మనిషి అంచు చూడ్డానికి వస్తున్నాడు. "ఆయనకు పసంద్ కాకుంటే రేపటి సంది నువ్వు రాకు" అని మాలక్ ముందే చెప్పేశాడు. పొద్దున్నుంచి వంచిన మెడ ఎత్తకుండా నెమళ్ల అంచు గీశాను (మధ్యమధ్యలో సేవ్ చేసుకోవడం పిరికివాళ్ల పనని నా అభిప్రాయం). మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని వచ్చేసరికి జాబర్ మామ కంప్యూటర్ పక్కన నిలబడి ఉన్నాడు. "తెర నల్లగైతే చెయ్యి పెట్టి చూసిన బిడ్డా, బంద్ పడ్డది. బటన్ తీసేసిన" అన్నాడు.

పొద్దుటి పనంతా పోయింది. "నీకేం దెల్సు మామా! మగ్గాలు చూసుకునేటోనివి, నీకెందుకు దీని సంగతి?" అని మగ్గాల మోతను మించి అరిచాను. ఆయనకు కోపం రాలేదు. "ఆగిన మెషిన్‌కు బటన్ చాలూ ఉంటే, కరెంట్ రాంగనే ఒక్కసారి ఉర్కుతది బిడ్డా. నీ చేతులు దాని మీదనే ఉంటయ్ గద" అన్నాడు. అలా అంటూ ఎత్తిన చేతికి రెండు వేళ్లు లేవు. రోజూ నా ముందు కదిలే చెయ్యే అది, ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగింటికల్లా నెమళ్లు వదిలేసి, నాలుగు గీతల అంచు గీసిచ్చాను. "సాదా ఉన్నది, మంచిగున్నది" అన్నాడు గిరాకీ మనిషి. ఉద్యోగం నిలబడింది, నా ప్రతిభ వల్ల మాత్రం కాదు.

మర్నాడు నేను వెలగబెట్టిన ఘనకార్యం వినండి. బజారుకు పోయి, గరగరలాడే పాత ఫ్యాన్ ఒకటి పట్టుకొచ్చి ఆ కంప్యూటర్‌కు బిగించాను. మామ వచ్చి అరచెయ్యి ఆనించి, "ఆఁ, ఇప్పుడు నడుస్తంది" అని తలూపి వెళ్లాడు. తప్పయిందని ఒక్క మాట అనడానికి నోరు రాక, బజారుకెళ్లి చప్పుడు కొనుక్కొచ్చిన ఆ మొనగాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ మాట మామతో ఇంతవరకూ అననేలేదు.