పచ్చ తీగ

నిన్న మధ్యాహ్నం విరుదునగర్‌లోని మా మేడగదిలో, కాగిన సోల్డరింగ్ ఐరన్ మొనను పేస్టులో ముంచగానే సన్నగా పొగ లేచింది. కళ్లు మండాయి. ఆ పొగతో పాటు బెల్లం పాకం వాసన కూడా రావాలని నా ముక్కు ఎదురుచూసింది. ఇక్కడ ఆ వాసన ఎక్కడిది! అది కోవిల్‌పట్టిలో ఎత్తిరాజు మామ ఇంటి వెనక, కడలమిఠాయి అనే వేరుశనగ చిక్కీ చేసే షెడ్డులోంచి వచ్చేది. మామ పోయి నాలుగేళ్లయింది. నా ముందు బల్ల మీద ఆయన దగ్గరుండి నాచేత కట్టించిన రేకు డబ్బా ఉంది. మూత విప్పి చూస్తే లోపల పసుపురంగు తీగ ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని అతికించడానికే కూర్చున్నాను గానీ, ఆ వాసన గుర్తొచ్చి ఐరన్ పక్కన పెట్టేశాను.

ఎత్తిరాజు మామ మాకు చుట్టం కాదు, పక్కింటాయన. వాళ్లూ మాలాగే కరిసల్ అనే నల్లరేగడి నేల మీది పల్లె నుంచి పట్నానికి వచ్చిన తెలుగువాళ్లు. ఇంటి ముందుగదిలోనే మైకుసెట్లు బాగుచేసేవాడు. పొట్టి మనిషి, చెవుల మీద వెంట్రుకలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. సెట్టు బాగయ్యాక దాన్ని వెంటనే ఇచ్చేవాడు కాడు. ఆన్ చేసి, మైకు ముందు ఎవరూ మాట్లాడకుండా, ఒక టీ తాగేంతసేపు స్పీకరుకు చెవి ఆనించి కూర్చునేవాడు. తొందరపడే వాళ్లను చూసి విసుక్కునేవాడు. “మాట్లాడితే ఎవునికైనా వినపడతాది పాపా. ఎవురూ మాట్లాడనప్పుడు ఏమి వినపడతాదో, అదిదా చూడాల” అనేవాడు నాతో; అదే అనడానికి మావాళ్లు అదిదా అంటారు. పనిలేని ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఒక టైపింగ్ సెంటర్లో తమిళంలో అర్జీలు కొడుతుండేదాన్ని. నాకు తెలియనిది లేదన్నంత ధీమాగా ఉండేదాన్ని.

మా నైన విరుదునగర్ మిరపకాయల మండీలో ఏలం పాట పాడేవాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, సాత్తూరు మీదుగా వెళ్లి, మధ్యాహ్నం దాకా ధరలు కేక వేసి, ఒంటినిండా మిరప ఘాటుతో తిరిగి వచ్చేవాడు. ఆయన గొంతు మండీ ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదుగానీ, ఊపిరి లాంటి ఒక సన్నని శబ్దం మాత్రం మిగిలింది. బలవంతంగా గొంతు పెంచవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన ఏదైనా అంటే మేము “ఆఁ? ఏమి నైనా?” అని అడగాల్సి వచ్చేది. రెండోసారి అడిగితే ఆయన ముఖం ముడుచుకుపోయేది. వారం తిరక్కుండానే మాట్లాడడం మానేసి కాగితం, పెన్సిల్ పట్టుకున్నాడు.

అక్కడే మాకు ఎవరికీ తోచని చిక్కు వచ్చిపడింది. మా ఇంట్లో తెలుగు మాట్లాడతామే గానీ, రాయడం ఎవరికీ రాదు. బడి తమిళం, బజారు తమిళం. నైన రాసేదీ తమిళమే. అమ్మకు ఏ అక్షరమూ రాదు. కాబట్టి నైన తమిళంలో రాసిన చీటీని నేను తెలుగులోకి మార్చి అమ్మకు చెప్పేదాన్ని. మా నైన ఇంట్లోనే ఉన్నాడు, కానీ ఆయన తెలుగు మా ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఆ సంగతి నన్ను లోపల్లోపల కోసేది. మళ్లీ ఎన్నటికీ ఆ మాటలు వినననుకున్నాను.

ఒకరోజు మామ మా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నైన చీటీ అందించాడు: ‘పులుసులో పులుపు ఎక్కువ. నాలుక పొక్కిపోయింది.’ అమ్మ పొద్దుటి నుంచి నడుంనొప్పితో ఉంది. నేను చీటీ మడిచి, “పులుసు బాగుండాదంటాడు” అన్నాను. అమ్మ గరిటె దించి నా వంక చూసింది.

“అది ఆయన మాట కాదుమే. ఇన్నేండ్లలో బాగుండాదని ఒక్కసారన్నా అనినాడా? ఆయన ఏమి తిట్టినాడో అదే చెప్పు. ఆ తిట్టు నాది.”

నాకు తల కొట్టేసినట్టయింది. మామ మాత్రం నవ్వలేదు. సాయంత్రం నన్ను పిలిచి, “మజ్జలో ఉండేదానికి తన సత్తం ఉండకూడదు పాపా. నువ్వు నీ సత్తం కలిపేస్తివి. సరి, మీ నైనకు ఒక డబ్బా కడదాం రా” అన్నాడు. మజ్జ అంటే మధ్య, సత్తం అంటే శబ్దం.

ఆయన చెప్పిన డబ్బా ప్రీఆంప్లిఫయర్. మైకులో పుట్టే బలహీనమైన శబ్దాన్ని స్పీకరుసెట్టు అందుకోగలిగేంత చేసి పంపడం దాని పని. కొన్న సెట్లు ఉన్నాయి గదా అంటే, అవి నైన గుసగుసతో పాటు హోరునూ పెంచుతాయన్నాడు. గుసగుసకూ హోరుకూ మధ్య తేడా తెలియాలంటే మనమే కట్టుకోవాలట. పైగా కట్టాల్సింది నేనట!

“నేనా మామా? నాకు ఏమి తెలుసు?”

“నాకు మైకులు తెలుసు. నీకు మీ నైన గొంతు తెలుసు. ఏది ఆయనది, ఏది డబ్బాది అని ఎవురు చెప్పాల? నువ్వుదా చెప్పాల.”

ఇక రోజూ సెంటర్ నుంచి రాగానే ఆయన ముందుగదిలో కూర్చునేదాన్ని. సోల్డర్‌ను ఆయన ఈయం అనేవాడు. నేను ఈయాన్ని ఐరన్ మొన మీద కరిగించి, బొట్టు పెట్టినట్టు అతుకు మీద పెట్టేదాన్ని. చూడడానికి ముచ్చటగా ఉండేది. ఆయన చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, లాగితే తీగ ఊడి వచ్చేది. “ఈయాన్ని కాచవద్దు. అతికే చోటును కాచు. అది వేడెక్కితే ఈయాన్ని తానే పిలుచుకుంటాది.” ఎన్ని ఊడగొట్టాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా కసరలేదు, ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోకపోవడమే నాకు మండిపోయేది.

చివరకు కరెంటు తీగలు పెట్టే రోజు వచ్చింది. మామ పాత టెలిఫోన్ కేబుల్ చీల్చి తీసిన తీగలు వాడేవాడు. అడాప్టర్ నుంచి వచ్చే తీగలు రెండు: ఒకటి పసుపురంగుది, ఒకటి ఆకురంగుది. అందరూ ఎర్త్ అనేదాన్ని ఆయన నేల అనేవాడు. శబ్దాన్ని పెంచే చిన్న నల్లటి చిప్ ఐసీ. “పచ్చది నేలకు పెట్టు, ఇంకోటి ఐసీకి పెట్టు” అని చెప్పి టీ తేవడానికి వెళ్లాడు. నేను ఆకురంగు తీగను నేలకు, పసుపుదాన్ని ఐసీకి అతికాను. ఎంత చక్కగా అతికానో! ఆయన రాగానే గర్వంగా స్విచ్ వేశాను. టప్‌మని పేలి, ఐసీ నెత్తిన చిన్న బీట వారింది.

“పచ్చది నేలకు పెట్టమంటిని గదా?”

“పచ్చదే పెట్టినాను మామా. చూడు.”

ఆయన ఒంగి చూశాడు. “ఇది పచ్చనా? ఇది ఆకు. పచ్చంటే పసుపు కొమ్ము రంగు.”

“పచ్చంటే ఆకు రంగుదా. ఊరంతా అదే అంటాది.”

“ఊరు అనేది తమిళం. మన మాటలో పచ్చ వేరే.”

నిజమే. తమిళంలో పచ్చై అంటే ఆకురంగు. నేను తెలుగు మాట్లాడుతున్నాననుకుంటూ తమిళం విన్నాను. మా వాదన పెరిగి వాకిట్లోకి వచ్చింది. అరుగు మీద కూర్చున్న నైన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చేతిలో కాగితం ఉంది, కానీ ఏమీ రాయలేదు. ఏ మాట తమిళం, ఏ మాట తెలుగు అన్న తగువును తమిళంలో రాసి ఎలా తీరుస్తాడు?

కొత్త ఐసీ కోసం మర్నాడు నేనే విరుదునగర్ వచ్చాను. కొనుక్కుని తిరిగి వెళుతూ, తెలిసీ మండీ ముందుగా నడిచాను. లోపల ఇంకెవరో ఏలం పాడుతున్నారు. మిరప ఘాటుకు తుమ్ములు వచ్చాయి, కళ్ల నీళ్లు వచ్చాయి. చూసేవాళ్లు ఘాటు వల్లే అనుకుంటారని ధైర్యం చెప్పుకుని, బస్టాండు దాకా ఏడుస్తూనే వెళ్లాను.

కొత్త ఐసీ పెట్టాక పొగ లేదు, పేలుడు లేదు. కానీ స్పీకరులో గుయ్యిమని ఒకటే మోత. మామ నన్నే వెతకమన్నాడు. మూడు రోజులు వెతికి ఓడిపోయాను. అప్పుడు వేలు పెట్టి చూపించాడు. నేల తీగను రెండు చోట్ల రేకుకు అతికాను. “నేల ఒక్క చోటే తాకాల. రెండు చోట్ల తాకితే వాటి మజ్జలో మోత పుడతాది.” ఒకటి తీసేశాను. మోత ఆగిపోయింది. ఆన్‌లో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. మామ చెవి ఆనించి, టీ తాగేంతసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి, నోట్లోంచి లవంగం తీసి పారేసి, “పో, మీ నైనను పిలుచుకురా” అన్నాడు. నాకు దొరికిన మెచ్చుకోలు అంతే.

నైన రానన్నాడు. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే వచ్చాడు. మామ నైన చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించి, స్పీకరు కూత పెట్టకుండా దాన్ని గది అవతలి మూలన అటు తిప్పిపెట్టాడు. నైన తల వంచి మైకు వంక చూసుకున్నాడు. ఇంతకాలం తర్వాత ఏం మాట్లాడతాడో, అసలు మాట్లాడతాడో లేదో అనుకుంటూ స్పీకరు పక్కకు వెళ్లి నిలబడ్డాను. తర్వాత, అరుగు మీద కూర్చుని రాయలేకపోయిన ఆ మాటను ఆయన నెమ్మదిగా అన్నాడు:

“పచ్చంటే పసుపేమే. ఎత్తిరాజు చెప్పిందిదా సరి.”

గరగరగా ఉంది, తగ్గుగా ఉంది. కానీ అది మా నైన గొంతే. అందులో డబ్బాది ఏమీ లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఓడిపోయానని నవ్వుతూ ఏడ్చాను. “పులుసు ఎట్లుండాది?” అని అమ్మ అడిగింది. “పులుపు” అన్నాడు. ఆమె ముఖం అంత వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

నైన మళ్లీ ఏలం పాడలేదు, ఆ ఆశ ఎవరికీ లేదు. కానీ పోయేదాకా ఆ డబ్బాతో తొమ్మిదేళ్లు తెలుగులో మాట్లాడాడు, అమ్మను తెలుగులోనే తిట్టాడు. ఆయన తర్వాత రెండేళ్లకు మామ కూడా వెళ్లిపోయాడు. ఇద్దరూ పోయాక మా తెలుగు అమ్మ దగ్గర మాత్రమే మిగిలిందని భయపడి, నేను పెద్దబాలశిక్ష తెప్పించుకుని అక్షరాలు దిద్దాను. నలభై దాటాక. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని అచ్చులో చూసిన రోజు పగలబడి నవ్వాను. రెండూ పచ్చలేనట! ఈ తీర్పు వినడానికి వాళ్లిద్దరూ లేరు. ఉన్నా మామ ఒప్పుకునేవాడు కాడు.

ఇప్పుడు విరుదునగర్‌లో అర్జీలు రాసిపెట్టడమే నా పని. ఎదుట కూర్చున్నవాళ్లు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. వాళ్ల కోపాన్ని నేను తగ్గించను, వాళ్ల దుఃఖానికి నేను రంగు వేయను. రాయడం అయ్యాక ఒకసారి చదివి వినిపించి, అందులో నా మాట ఏదైనా ఉందా అని అడుగుతాను. ఉందంటే కొట్టేస్తాను.

నిన్న అతికే చోటును కాచాను. ఈయం తానే వచ్చి అతుక్కుంది. చిమటాతో లాగి చూశాను, ఊడలేదు. పసుపురంగు తీగకు చిన్న కాగితం చుట్టి, దాని మీద తెలుగులో ‘పచ్చ’ అని రాశాను. మూత బిగించి, స్విచ్ వేసి, స్పీకరుకు చెవి ఆనించాను. టీ తాగేంతసేపు. ఏమీ వినిపించలేదు.

“సరేనా మామా?” అన్నాను మైకులో. గదిలో నా గొంతు ఒక్కటే పలికింది.