గెయిన్ తగ్గించే కాశీరావు

కాశీరావుకి లోకంలోని జబ్బులన్నిటికీ ఒకటే మందు తెలుసు: తగ్గించడం. టీవీ మోగుతుంటే తగ్గిస్తాడు. మిక్సీ ఎంత తగ్గించినా అరుస్తూనే ఉందని ప్లగ్గే పీకేస్తాడు. పటమటలో మేనకోడలి పెళ్లికి వెళ్లి, డీజే పక్కన చేరి, మీటలన్నీ ఒక్కొక్కటే కిందికి లాక్కుంటూ పోయాడు. అప్పుడుగానీ పురోహితుడు మంత్రాలు మొదలుపెట్టిన సంగతి పెళ్లివారికి తెలియలేదు.

"ఏం బావగారూ, శబ్దమంటే అంత పగా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

"ప్రాణమండీ," అన్నాడు కాశీరావు.

ప్రాణమైతే పీక నొక్కడమెందుకో భార్య సుబ్బరత్నానికి ఎంతకీ అంతుపట్టేది కాదు. రోజంతా హారన్లు హోరెత్తే బెంజ్ సర్కిల్ దగ్గర వ్యవసాయ మోటార్ల షాపు నడిపే మనిషి, ఇంటికి రాగానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సరదాకి దూరాల వాళ్లతో మాట్లాడుకునే హామ్ రేడియో ముందు కూర్చుంటాడు. రేడియో అంటే పెద్ద పెట్టేం కాదు. అగ్గిపెట్టెంత డబ్బా, దాని వెనక ఓ కంప్యూటరు, మాట్లాడ్డానికి ఓ మైకు. మేడ మీది ఏరియల్ పట్టుకొచ్చిన అలల్ని డబ్బా అంకెలుగా మారిస్తే, కంప్యూటరు వాటిని మాటలుగా వినిపిస్తుంది. ఇంతకీ గంటల తరబడి కూర్చుని ఆయన చేసేదేమిటయ్యా అంటే, ఆ డబ్బాకి గెయిన్, అంటే వచ్చిన అలని పెంచి చూపించే జోరు, తగ్గించడం!

"వినపడకపోతే ఎవరైనా పెంచుతారు. మీరేంటండీ, తగ్గిస్తారు?" అని అడిగిందోసారి.

"వంటింట్లో మెంతులు తూచే కాటా ఉందా? దాని మీద బియ్యం బస్తా పడేస్తే?"

"విరుగుద్ది."

"విరగలేదనుకో. ముల్లు ఆ చివరికి పోయి కూర్చుంటుంది. అప్పుడు గుప్పెడు మెంతులు వేస్తే తెలుస్తుందా?"

"బస్తా తీసెయ్యొచ్చుగా?"

"బస్తా మనది కాదే! పక్కన గట్టిగా మాట్లాడేవాడిది. ముందు ముల్లు కదిలేలా చేసుకోవాలి. మెంతుల సంగతి అప్పుడు తెలుస్తుంది."

సుబ్బరత్నానికి సగం అర్థమైంది. మిగతా సగం అడగబోతే, "గెయిన్ తగ్గించు రత్నం," అన్నాడు. ఎందుకైనా మంచిదని ఆవిడ కాటా తీసుకెళ్లి బీరువాలో దాచేసింది.

మొన్న కృష్ణకు వరదొచ్చినప్పుడు కంకిపాడు కల్యాణ మండపంలో సహాయ శిబిరం పెట్టారు. సెల్‌ఫోన్లు మూగబోవడంతో కాశీరావు డబ్బాతో సహా అక్కడ దిగాడు. పులిహోర పొట్లాలు కట్టడానికి సుబ్బరత్నమూ వెళ్లింది. శిబిరానికి ఖర్చు పెట్టినవాడు కాంట్రాక్టరు సూర్యప్రకాష్. కాబట్టి మండపంలో మాటంతా ఆయనదే. తన మనుషులకు చేతి వైర్‌లెస్ సెట్లు పంచి, సరిగ్గా కాశీరావు ఏరియల్ పక్కనే తన పెద్ద సెట్టు పెట్టించాడు.

"ఫొటోగ్రాఫర్ ఎక్కడ? ఓవర్."

"టిఫిన్ చేస్తున్నాడండీ. ఓవర్."

"బ్యానర్‌లో నా మొహం మీదుగా తాడు కట్టిందెవడ్రా? ఓవర్!"

గుమ్మం దగ్గర చేపలమ్మే కొండలమ్మ నిలబడి ఉంది. ఆవిడ కూతురు చిన్నికి నిండు నెలలు. నది మధ్య లంకలో చిక్కుకుపోయింది. పడవ సిద్ధంగానే ఉంది. కానీ లంకంతా మునిగిపోయింది, మనుషులు ఏ డాబా ఎక్కారో తెలియకుండా ఆ వడిలో వెతకలేమంటున్నారు పడవవాళ్లు. లంకలో ఉన్న రేడియో క్లబ్బు తిరుపతిరావు దగ్గర చేతి సెట్టు ఒకటుంది, దాని బ్యాటరీ అడుగంటుతోంది. కొండలమ్మ ఎవర్ని కదిపినా, "ఉండమ్మా, సారు మాట్లాడుతున్నారు," అంటున్నారు. వరదలోనూ వరస పెద్దమనుషులదే మరి.

కాశీరావు కంప్యూటరు మీద ఎర్రగా 'ఓవర్‌లోడ్' అని వెలుగుతోంది. తెర నిండా గీతలు, చెవి నిండా హోరు.

"పెంచండి సార్, పెంచండి!" అని చుట్టూ మూగినవాళ్లు అరిచారు.

కాశీరావు తగ్గించాడు.

"అయ్యో, ఉన్నదీ పోతుందండీ!" అంది సుబ్బరత్నం.

ఇంకా తగ్గించాడు. చిత్రం! తెర మీది గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అవి నిజం స్టేషన్లు కావు, ఉక్కిరిబిక్కిరైన డబ్బా తనంతట తాను పుట్టించుకున్న దయ్యాలు. అన్నీ పోయాక అడుగున వెంట్రుకంత గీత ఒకటి మిగిలింది. "...బడి... మేడ... చిన్ని..." అని వినపడింది. అంతలోనే మళ్లీ పెద్ద సెట్టు మోగింది. కాశీరావు లేచి వెళ్లి దాని స్విచ్చి కట్టేశాడు.

"ఏయ్! నేనెవరో తెలుసా?" అన్నాడు సూర్యప్రకాష్.

"తెలుసండీ. పొద్దున్నుంచీ మీరొక్కరే తెలుస్తున్నారు."

ఈసారి తిరుపతిరావు గొంతు సన్నగానే అయినా స్పష్టంగా వచ్చింది: బడి మేడ మీద ఉన్నారు, చిన్ని కూడా. పడవ బయల్దేరింది. కాశీరావు గుమ్మం దగ్గరికి వెళ్లి కొండలమ్మను తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, మైకు ఆవిడ నోటి దగ్గర పట్టుకున్నాడు.

"చిన్నీ!" అని ఆవిడ పెట్టిన కేకకి పొట్లాలు కట్టేవాళ్ల చేతుల్లో పులిహోర జారింది. "ఏమే, నొప్పులొస్తన్నాయా? తడిసిపోయావా? పలకవేంటే!"

సుబ్బరత్నం మొగుడి చెవిలో, "ఏమండీ, గెయిన్..." అంది.

"ష్. ఆవిడ్ని మాట్లాడనీ."

కొండలమ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా కాశీరావు మైకు మీద నొక్కి పట్టుకున్న మీట వదులుతున్నాడు. ఆ సందులోంచి కూతురి గొంతు వస్తోంది. "నొప్పుల్లేవు, ఏం లేవమ్మా. ఆకలేస్తంది." మళ్లీ తల్లి కేక. మళ్లీ సందు. "అదిగో, పడవ కనపడతందమ్మా! ఇంక అరవకే, ఇక్కడ అందరూ నవ్వుతన్నారు..."

బ్యాటరీ అయిపోయింది. కొండలమ్మ బిక్కమొహం వేసుకుని కాశీరావు వంక తిరిగింది.

"నేనుగానీ గట్టిగా అరిచానా అయ్యగారూ? అందుకే ఆగిపోయిందా?"

"లేదమ్మా," అన్నాడు కాశీరావు. "మీరు సరిగ్గా మాట్లాడారు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాటకి ఒక్కసారైనా నోచుకోని సుబ్బరత్నం మొగుణ్ని కొరకొరా చూసింది. ఆ తర్వాత ఆయన పొట్లంలో ఇంకో గరిటెడు పులిహోర ఎక్కువే పెట్టింది.