రంగు యాడుందో చూపెట్టేది

మంగళవారం పొద్దున మా యారాలు పోయింది. మా బావగారి భార్య. సంగారెడ్డి ఆసుపత్రి నుంచి బావగారు ఫోన్ చేసినప్పుడు నేను వంకాయలు కోస్తున్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చి చూస్తే ముక్కలన్నీ నల్లబడి ఉన్నాయి. ఉప్పునీళ్లలో వేయడం మరిచిపోయాను. అప్పటినుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. సర్దిన అల్మారానే మళ్లీ సర్దుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు.

ఆ వంకాయలు చూస్తే ఆమె మాటే గుర్తొచ్చింది. "వంకాయ కోస్తే నల్లబడుడు, మన తోలు నల్లబడుడు దగ్గరి సుట్టాలే చెల్లె" అనేది. ఆమె పని అలాంటిది. పాశమైలారంలో ఒక చిన్న కంపెనీ, పరిశోధనశాలలకు కావలసిన రసాయనాలు తెప్పించి, సరిచూసి పంపేది. చర్మానికి రంగు ఎలా వస్తుంది, గాలికి నల్లబడేదాన్ని ఏది ఆపుతుంది, ఇలాంటి పరిశోధనలకు పనికొచ్చే సీసాలు ఆమె చేతిలో ఉండేవి. పటాన్‌చెరులో మాది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పొద్దున ఆమె కంపెనీ బస్సెక్కేది, నేను ఇల్లు చూసుకునేదాన్ని.

మా అత్తమ్మకు ఆ ఉద్యోగం అంతగా నచ్చేది కాదు. "కూర మాడినా పరీక్ష చేస్తవా ఏందే నువ్వు?" అని ఎత్తిపొడిచేది. "దానికి పరీక్షెందుకు అత్తమ్మా, వాసన సాలదా?" అని ఆమె నవ్వుతూనే చెప్పుల్లో కాళ్లు పెట్టేది.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఎడమ కనుబొమ్మ చివర తెల్లమచ్చ కనిపించింది. ముందు సుద్దముక్క అంటుకుందనుకుని తుడిచాను. పోలేదు. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే నేను వేరే చెప్పనక్కర లేదు. ఎవరు ఎదురైనా ముందు మచ్చనే చూసేవారు, తర్వాత పిల్లను. అందరి దగ్గరా ఒక మందు ఉండేది. అత్తమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కింది. ఎవరో ఆకు పసరు పూయమన్నారు, పూస్తే పొక్కింది. నిమ్మకాయ పిండితే వంకాయ నల్లబడదని యారాలు ఒకసారి అన్నది. నేను దాన్ని పట్టుకుని, పులుపు తింటే తోలుకూ రంగు రాదేమోనని పిల్ల కంచంలో పులుపే లేకుండా చేశాను. పులిహోర చేసిన రోజు అది వాకిట్లో కూర్చుని ఏడ్చింది.

సంగతి తెలుసుకుని యారాలు తలపట్టుకుంది. "నా మాటను గిట్ల తిప్పుకున్నవా? కడుపులకు పోయిన నిమ్మకాయ కనుబొమ్మ కాడికెట్ల వస్తది?" అని, తన చేత్తోనే నిమ్మకాయ పచ్చడి తెచ్చి పిల్ల అన్నంలో వేసింది.

ఒక ఆదివారం కంపెనీకి తాళం ఉందని కొరియర్ మనిషి థర్మకోల్ డబ్బా మా ఇంటికే తెచ్చాడు. లోపల మంచు సంచులు కరుగుతున్నాయి. యారాలు అందులోని చిన్న సీసాలు తీసి మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది.

"గవేందే?" అని అడిగింది అత్తమ్మ.

"యాంటీబాడీలు అత్తమ్మా. కుందేలు రక్తంల నుంచి తీస్తరు."

"శనివారం ఒక్కపొద్దుండే ఇంట్ల కుందేలు నెత్తురా? పెరుగు పక్కకా?"

"సీసాకు మూత గట్టిగనే ఉంది. నీ పెరుగు గిన్నెకే లేదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వి, అవి దేనికని అడిగాను. "తోలుల రంగు తయారుచేసే కణాలు ఉంటయి చూడు, వాటికి" అన్నది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. అత్తమ్మ అవతలికి వెళ్లేదాకా ఆగి, ఫ్రిజ్ తెరిచి ఒక సీసా చేతిలోకి తీసుకున్నాను.

"అక్కా, బిడ్డకు ఒక్క సుక్క పెడ్దామా? ఎవరికీ చెప్పను."

ఆమె కోప్పడలేదు. సీసాను నా చేతిలోనే తిప్పి, మీద అతికించిన కాగితం చూపింది. పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఇంగ్లీషులో ఉంది.

"మందైతే నువ్వు అడిగేదాంక ఉంటనా? ఇది రంగు తెచ్చేది గాదు చెల్లె. రంగు యాడుందో చూపెట్టేది. పెండ్లిల ఎంతమంది ఉన్నా మన అత్తమ్మ పోయి మనోళ్లనే పట్టుకుంటది చూడు, గట్ల. పట్టుకుంటది గంతే, ఉన్నోళ్లను పెంచది, లేనోళ్లను తేదు."

నాకు మాట అర్థమైంది, మనసుకు ఎక్కలేదు. ఇంట్లో ఉంచుకుని ఇవ్వడం లేదనే అనిపించింది. చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. గిన్నె ఆమె ముందు పెట్టి, "తినుమను" అని గోడకు చెప్పేదాన్ని. ఆమె కూడా గోడ వైపు తిరిగి, "ఉప్పు సరిపోయిందని చెప్పు" అనేది.

మా మధ్య ఆ మౌనాన్ని తెంపింది మా అమ్మాయే. ఒక సెలవు రోజు పొద్దున వెళ్లి ఆమె ముందు నిలబడింది. "పెద్దమ్మా, ఆ సీసా నీళ్లు పెడితే నా మచ్చల రంగున్నదో లేదో తెలుస్తదా?"

"తెలుస్తది బిడ్డా. కానీ తోలు ముక్క కోసి తీయాలె. గంత అక్కర లేదు, దా." దాన్ని గడప మీద వెలుతురులో కూర్చోబెట్టింది. తన సంచిలోంచి భూతద్దం తీసి కనుబొమ్మ దగ్గర పెట్టి ఎంతసేపో చూసింది. "మచ్చ మీది వెంట్రుకలు నల్లగనే ఉన్నయి. అంటే వాటి మొదట్ల రంగు దాక్కొని ఉండొచ్చు."

"తగ్గుతదా?" అన్నాను నేను. గోడకు కాదు, ఆమెకే.

"మాట ఇయ్యను. చూస్తుంట."

సెలవు పెట్టి మమ్మల్ని హైదరాబాదులో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పూత మందు, పొద్దుటి ఎండ. ఆ తర్వాత ప్రతి ఆదివారం గడప మీద భూతద్దం. నేను ప్రతిసారీ అదే అడిగేదాన్ని. ఆమె ప్రతిసారీ, "ఇయ్యాల ఏమున్నదో గదే చెప్త" అనేది. కొన్ని నెలలకు వెంట్రుకల మొదట్లో నువ్వుగింజంత కూడా లేని గోధుమరంగు చుక్కలు వచ్చాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి మచ్చ దాదాపు నిండిపోయింది.

తర్వాత మణికట్టు మీద ఇంకొకటి వచ్చింది. భూతద్దంలో చూసి, "బిడ్డా, ఇక్కడి వెంట్రుకలు తెల్లబడ్డయి. ఇది నిండకపోవచ్చు" అని పిల్ల మొహం మీదే చెప్పింది. నాకు ఒళ్లు మండింది. పిల్ల మాత్రం తలూపి, ఆ చేతికే గాజులు వేసుకుని ఆడుకోవడానికి పోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అది చేతులు దాచుకోగా నేను ఎన్నడూ చూడలేదు. అందరూ మాట ఇచ్చిన కాలంలో ఇవ్వని మనిషి ఒక్కరు ఇంట్లో ఉండడం వల్లేనేమో అని ఇప్పుడు అనుకుంటున్నాను.

నిన్న ఆదివారం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి గడప మీద కూర్చుని, పెద్దమ్మ సంచిలోంచి తెచ్చిన భూతద్దం నాకు అందించింది. గదవ కింద, మెడకు పైన, కొత్తగా ఒక పాలిపోయిన చోటు. దాని సంగతి పెద్దమ్మకు చెప్పాలనుకుందట, ఇంతలోనే ఇట్లయింది.

"నల్లగున్నయా అమ్మా?"

ఉన్నయి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని గదవ పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. సన్నటి నూగు. భూతద్దం ఇంకొంచెం దగ్గరికి జరిపాను. ఒక వెంట్రుక నల్లగా ఉంది. దాని పక్కది తెలియడం లేదు.

"కదలకు," అన్నాను. "చూస్తున్న."